మందుల చీటీతో పాటు మందు వేసే పద్ధతినీ చూపించండి

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రికలో పెంపుడు జంతువుల గురించి వచ్చే వ్యాసాలను మా ఇంట్లో అందరం చదువుతాం. కుక్కల పెంపకం, వాటి టీకాలు, లైసెన్సుల గురించి ఎన్నో సంగతులు వాటిలో తెలుసుకున్నాం. పిల్లిని పెంచుకునే ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ఒక కష్టం గురించి మాత్రం చదివిన గుర్తు లేదు. అది, జబ్బు చేసిన పిల్లి చేత మందు మింగించడం. వినడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని మా పిల్లికి వచ్చిన జబ్బు కంటే ఆ జబ్బుకు మేము వేసిన మాత్రే ఎక్కువ హాని చేసింది. దానికి కారణం పిల్లి మొండితనం కాదు. మాకు తెలియలేదు, చెప్పవలసిన వారు చెప్పలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

మేము మూడు తరాలుగా చెన్నై పెరంబూరులో ఉంటున్న తెలుగువాళ్ళం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానకు వీధులన్నీ నీట మునిగినప్పుడు, అరచేతిలో ఇమిడేంత తెల్లని పిల్లికూన ఒకటి తడిసి ముద్దయి మా మెట్ల మీదికి చేరింది. మల్లి అని పేరు పెట్టుకున్నాం. పెరిగి మూడు కిలోల బరువైన తర్వాత ఒకసారి దానికి తుమ్ములు పట్టుకుని, కళ్ళు పుసికట్టి, తిండి తగ్గిపోయింది. దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకువెళ్తే డాక్టరుగారు శ్రద్ధగానే పరీక్షించి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి రోజుకొక ముక్క చొప్పున పది రోజులు వేయమని రాసి ఇచ్చారు. ఆ మందు తప్పని నేను అనడం లేదు. ఆ జబ్బుకు సాధారణంగా వాడే మందు అదేనని తర్వాత తెలిసింది. ‘ఎలా వేయాలండీ?’ అని అడిగితే మాత్రం, ‘నోట్లో వేసేయండమ్మా, అదే మింగుతుంది’ అని ఆయన తర్వాతి వారిని పిలిచారు.

మొదటి రోజు ముక్కను పొడి చేసి పాలలో కలిపాను. మల్లి ఒకసారి వాసన చూసి గిన్నె దగ్గర నుంచి వెళ్ళిపోయింది. రెండో రోజు పెరుగన్నంలో పెడితే, అన్నమంతా తిని ఆ ముక్కను నేల మీద శుభ్రంగా వదిలిపెట్టింది. మూడో రోజు మావారు పట్టుకోగా నేను బలవంతాన నోట్లో పెట్టాను. అది ఉమ్మేసి, నోటి వెంట తెల్లని నురగ కారుస్తూ మంచం కిందకు దూరింది. ఆ నురగ చూసి మందు వికటించిందని మాకు వణుకు పుట్టింది. చేదు మాత్ర నాలుకకు తగిలితే పిల్లులకు అలా చొంగ, నురగ కారడం మామూలేనని, మాత్రను విరిచినప్పుడు పైపూత పోయి లోపలి చేదు బయటపడుతుందని అప్పుడు మాకు తెలియదు. నాలుగో రోజు నుంచి ఎలాగో నేర్పు కుదిరి, ముక్కను నాలుక వెనక్కి తోసి నోరు మూసి పట్టుకుంటే మింగడం మొదలుపెట్టింది. గెలిచామనుకున్నాం. పైన ఒక్క చుక్క నీళ్ళు కూడా పోయలేదు, పోయాలని తెలియదు గనక.

ఏడో రోజు పొద్దున మల్లి మెడ ముందుకు చాచి, ఏమీ తినకుండానే పదేపదే గుటకలు వేయసాగింది. కాస్త చేపముక్క తిన్న వెంటనే అరగకుండానే కక్కేసింది. ఆకలితో గిన్నె దగ్గరికి రావడం, ఒక మెతుకు నోట పెట్టుకుని నొప్పికి తల విదిలించి వెనక్కి పోవడం, మళ్ళీ రావడం. ఆ రోజు సాయంత్రం దాకా అదే వరుస. తెలిసినవారు చెప్పగా వేరొక వైద్యురాలి దగ్గరకు పరుగెత్తాం.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ‘మాత్ర వేశాక నీళ్ళు పట్టారా?’ అని. మనం మాత్ర వేసుకుని గ్లాసెడు నీళ్ళు తాగుతాం. పిల్లి తాగదు. నీళ్ళు లేకుండా మింగిన మాత్ర దాని అన్నవాహికలో దారిమధ్యనే అంటుకుని చాలాసేపు ఉండిపోగలదు. అన్ని మందులూ అక్కడ ఒకేలా హాని చేయవు గాని, డాక్సీసైక్లిన్ కరిగేకొద్దీ ఆ సున్నితమైన పొరను కాల్చివేస్తుంది. క్లిండామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ వల్ల కూడా ఇలాంటి పుండ్లు పడినట్లు నమోదైంది. పుండు మానేటప్పుడు మచ్చ కట్టి దారి ఇరుకైపోతే, పిల్లికి మత్తు ఇచ్చి, గొట్టం దింపి, ఆ ఇరుకును మళ్ళీ మళ్ళీ వెడల్పు చేయవలసి వస్తుంది. మా అదృష్టం కొద్దీ మల్లికి అంతదాకా రాలేదు. ఆ మాత్ర ఆపి, పుండు మానడానికి ద్రవరూపంలో మందు రాసి ఇచ్చారు. ఇన్నాళ్ళ వైద్యంలో మమ్మల్ని ఒక్కసారైనా ఎవరూ అడగని ఆ నీళ్ళ ప్రశ్న మొదటి రోజే వినపడి ఉంటే, ఈ బాధ ఆ మూగజీవికి ఉండేది కాదు.

ద్రవం పట్టడం ఆ రోజే మా చేత చేయించారు. మా అత్తగారి కాలంలో పసిపిల్లలను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గు పట్టేవారు. నాకూ చేయి అలాగే పోయింది, మల్లి తలను వెనక్కి వంచబోయాను. ఆమె నా చేయి ఆపారు. ద్రవం పట్టేటప్పుడు పిల్లి తల మామూలుగానే ఉండాలి. వెనక్కి వంచితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. సూది లేని సిరంజి మొనను కోరపన్ను వెనకనున్న సందులో పక్క నుంచి పెట్టి, కొద్దికొద్దిగా, ప్రతి గుటకకూ ఆగుతూ వదలాలి. 

మాత్ర వేసే పద్ధతి, మల్లి కోలుకున్నాక కడుపులో పురుగులకు మాత్ర వేయవలసి వచ్చినప్పుడు చూపించారు. అది కళ్ళకు కట్టినట్టు ఇప్పటికీ గుర్తుంది. మల్లిని తనకు ఎదురుగా కాకుండా, దాని వీపు తన పొట్టకు ఆనేలా బల్ల మీద కూర్చోబెట్టారు. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే పిల్లి సగం పెనుగులాట మానేస్తుందట. పాత తువ్వాలు ఒకటి మెడ కింద నుంచి తెచ్చి, ముందుకాళ్ళు రెండూ లోపలికి పోయేలా చుట్టారు. ఎడమచేతిని తల మీద నుంచి దించి బొటనవేలు ఒక చెంప ఎముకకు, తక్కిన వేళ్ళు రెండో దానికి ఆనించి ముక్కును పైకి లేపగానే, కింది దవడ తనంతట తానే కాస్త వదులైంది. వెన్న రాసిన మాత్ర కుడిచేతి రెండు వేళ్ళ మధ్య ఉంది. అదే చేతి నడిమివేలితో కింది కోరల నడుమనున్న చిన్న పళ్ళను నొక్కితే నోరు తెరుచుకుంది. నాలుక వెనక భాగాన, సరిగ్గా మధ్యలో, మాత్రను వదిలి నోరు మూసి తల దించారు. ఇదంతా నేను రాసినంత సేపు కూడా పట్టలేదు. మల్లి నాలుక బయటికి వచ్చి ముక్కును నాకింది. ‘అదిగో, మింగిందమ్మా’ అన్నారామె. వెంటనే సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు, ఆ తర్వాత దానికి ఇష్టమైన చేప తునక ఒకటి. 

నేను రెండుసార్లు విఫలమై మూడోసారి వేయగలిగేదాకా ఆమె పక్కనే నిలబడ్డారు. అందుకు పట్టిన సమయం అయిదు నిమిషాలు. నేను కోరుతున్నదల్లా ఆ అయిదు నిమిషాలే. మందు పేరు, మోతాదు రాయడంతో వైద్యం పూర్తయినట్లు కాదు, మందు కడుపులోకి చేరితేనే పూర్తయినట్లు. మొదటి మోతాదును పిల్లి యజమాని చేతే, డాక్టరుగారి కళ్ళ ముందే వేయించి పంపే అలవాటు ప్రతి క్లినిక్‌లోనూ రావాలి. రద్దీ ఎక్కువగా ఉన్నచోట కనీసం కాంపౌండరైనా చూపించవచ్చు. చీటీ మీద ‘ఆహారం తర్వాత’ అని రాసే చోటనే ‘పైన నీళ్ళు పట్టాలి’ అని మరో మూడు మాటలు రాయడానికి ఎవరికీ కష్టం ఉండదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మూడు రోజులు మందు పడలేదన్న సంగతి మొదటి డాక్టరుగారికి ఫోను చేసి చెప్పడానికి సిగ్గుపడ్డాను. పిల్లికి మాత్ర వేయడం కూడా చేతకాలేదా అనుకుంటారని భయం. అలా దాచిపెడితే, మందు పనిచేయలేదని భావించి వైద్యులు ఇంకా బలమైన మందుకు మారుస్తారు, లేనిపోని పరీక్షలు రాస్తారు. యాంటీబయాటిక్ మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. వేయలేకపోతున్నామని నిజం చెబితే వారి దగ్గర వేరే దారులు ఉంటాయి. కొన్ని మందులు ద్రవంగా దొరుకుతాయి, కొన్నిటికి ఇంజెక్షను ఉంది, చేదు ముక్కను ఖాళీ క్యాప్స్యూల్‌లో పెట్టి వేయవచ్చు. థైరాయిడ్ జబ్బుకు వాడే మెథిమజోల్ వంటి ఒకటి రెండు మందులను చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగా కూడా చేస్తారు. ఏ మాత్రను విరవవచ్చో, దేన్ని పొడి చేయకూడదో కూడా వారినే అడగాలి. కొన్ని మాత్రల పైపూత పోతే మందు గుణమే మారిపోతుంది.

నేను చేసినట్లు పాలలో, పెరుగులో కలపడం మన ఇళ్ళలో అందరికీ వచ్చే మొదటి ఆలోచన. పాలలోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టుకుని కొంతమేర ఒంటికి పట్టకుండా చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పూట తిండిలో మందు కలిపితే పిల్లి ఆ తిండినే అనుమానించి మానేస్తుంది. రెండు మూడు రోజులు పస్తున్న పిల్లికి, అందులోనూ లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలగవచ్చు. కలపక తప్పనప్పుడు వైద్యులను అడిగి, ఒక్క ముద్దలో మాత్రమే పెట్టి, ముందు మందు లేని ముద్ద ఒకటి తినిపించాలి. ఇక చక్కెర పాకంలో కలిపితే తాగుతుందని ఒక బంధువు సలహా ఇచ్చారు. పిల్లి నాలుకకు తీపి రుచే తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. పిల్లల సిరప్పులు అది ఎందుకు ముట్టదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అన్నిటికంటే భయం కలిగించేది మందుల దుకాణాల్లో ఇచ్చే సలహా. మల్లి ఒళ్ళు వేడిగా ఉందంటే, పారాసిటమాల్ అర మాత్ర వేయమని ఒక దుకాణంలో చెప్పారు. మనుషుల కాలేయం ఆ మందును విడగొట్టి బయటికి పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోసే గుణం కోల్పోతుంది, చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. 500 మిల్లీగ్రాముల మాత్రలో సగమైనా పిల్లిని చంపగలదు. పొరపాటున వేసినవారు లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి, విరుగుడు ఉంది. కుక్కలకు పేల కోసం వీపు మీద వేసే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే. మనుషుల మందుల దుకాణంలో పిల్లికి మందు చెప్పకూడదన్న కట్టుబాటు దుకాణదారులు తమంతట తాము పాటించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల వేపేరిలో ఉన్న నగరం ఇది. దూరప్రాంతాల నుంచి కూడా జనం తమ జంతువులను అక్కడికి తెస్తారు. ఆ కళాశాల పెద్దలు పిల్లికి మాత్ర వేసే పద్ధతిని బొమ్మలతో ఒక పటంగా వేయించి, తమిళంతో పాటు తెలుగులోనూ నాలుగు మాటలు రాయించి, వేచి ఉండే గదుల్లో తగిలిస్తే, తమ వంతు కోసం కూర్చున్నవారు అక్కడే నేర్చుకుంటారు. సంపాదకుల వారికి నా విన్నపం కూడా ఇటువంటిదే. ఒక ఆదివారం సంచికలో అర పేజీ కేటాయించి, పిల్లులకు వైద్యం చేసే డాక్టరు ఒకరి చేత ఈ విషయమే రాయించండి. పక్కన చేతుల బొమ్మలు తప్పక వేయించండి, ముక్కు ఎంత ఎత్తాలో, సిరంజి మొన ఎక్కడ పెట్టాలో మాటల్లో కంటే బొమ్మలో బాగా తెలుస్తుంది. చివరి బొమ్మ మాత్రం మాత్ర తర్వాత పట్టే నీళ్ళది కావాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై