విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: హాస్టల్ క్రమశిక్షణ గురించి ఒకసారి పిల్లల్నే కూర్చుని మాట్లాడుకోనివ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం అండి. నేను ఒక రెసిడెన్షియల్ స్కూల్లో టీచర్‌ని, పాఠాలతో పాటు హాస్టల్ డ్యూటీ కూడా నాదే, అంటే పొద్దున బెల్లు కొట్టిన దగ్గర్నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా పిల్లల మధ్యే ఉంటాను. ఏ హాస్టల్లో గొడవ జరిగినా ముందు వచ్చే మాట ఒకటే, క్రమశిక్షణ లేదు టైట్ చెయ్యాలి అని. కెమెరాలు పెట్టండి, ఇంకో వార్డెన్‌ని వెయ్యండి, రూల్స్ బోర్డు ఇంకాస్త పెద్దది రాయించండి అంటారు. వీటిల్లో కొన్ని అవసరమే, కాదనను. కానీ అంతమంది పిల్లలకి రాత్రి పూట ఒకరో ఇద్దరో పెద్దవాళ్ళు ఉండే చోట మేం ఎంతని కాపలా కాస్తామండి? మేం ఈ చివర ఉంటే ఆ చివర గదిలో ఏం జరుగుతుందో పక్క మంచం మీద పిల్లాడికే తెలుసు, మాకు తెలీదు. వాళ్ళల్లో వాళ్ళు కూర్చుని, ఒక మాట అనుకుని, ఆ మాట నిలబెట్టుకుంటేనే హాస్టల్ ఒక దారిలో ఉంటుంది. అలా కూర్చునే టైమ్‌ని ప్రతి రెసిడెన్షియల్ స్కూల్ టైమ్‌టేబుల్‌లో అఫీషియల్‌గా పెట్టించమని అడగడానికే ఈ లెటర్ రాస్తున్నా.

మా దగ్గర ఇది ఎలా మొదలైందో చెప్తాను. పొద్దున రోల్ కాల్‌కి లేట్ అయ్యేవాళ్ళ లిస్ట్ రోజూ రాసేవాళ్ళు, రోజూ ఇంచుమించు అవే పేర్లు, దాదాపు అందరూ చిన్న క్లాసుల పిల్లలే. నిలబెట్టడం, తిట్టడం, ఇంటికి ఫోన్ చేస్తామనడం అన్నీ అయ్యాయి, లిస్ట్ మాత్రం తగ్గలేదు. అప్పుడు ఒక సెలవు రోజు సాయంత్రం అన్ని గదుల పిల్లల్నీ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరినీ తప్పు పట్టకుండా, పొద్దున లేచినప్పట్నుంచి రోల్ కాల్ దాకా ఏం జరుగుతుందో వరసగా చెప్పమన్నాం. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక చిన్నబాబు, మామూలుగా క్లాసులో కూడా మాట్లాడడు, లేచి, "అన్నయ్యలు రాత్రే బకెట్లు కుళాయి కింద పెట్టేసి పడుకుంటారు, అవి మేం జరపకూడదు, వాళ్ళందరి స్నానాలూ అయ్యాకే మాకు నీళ్ళు" అన్నాడు. పెద్ద పిల్లలు వెంటనే, మాకు స్టడీ అవర్ అందరికన్నా ముందు మొదలవుతుంది కదా, మేం ముందు చెయ్యకపోతే మాకూ లేటే అన్నారు. ఆలోచిస్తే రెండు పక్కలా న్యాయం ఉంది. పైగా ఉన్న కుళాయిల్లో కొన్ని పని చెయ్యట్లేదని, ఒకదానికి తిప్పే పిడే లేదని అప్పుడు బయటపడింది.

వాళ్ళే తేల్చుకున్నారు. పెద్ద క్లాసుల వాళ్ళు ఆటలయ్యాక సాయంత్రమే స్నానం చేసేస్తారు, రాత్రి పూట బకెట్ కుళాయి కింద వదిలేస్తే ఎవరైనా పక్కకి జరపొచ్చు, పొద్దున ఏ గది ముందు వెళ్ళాలో వారానికోసారి మారేలా చార్ట్ రాసి బాత్రూం తలుపుకి అంటించాలి. పాడైన కుళాయిల సంగతి మీటింగ్ పుస్తకంలో రాసి హెడ్‌మాస్టర్ గారికి ఇచ్చారు, ఆయన బాగు చేయించారు. లేట్ లిస్ట్ పూర్తిగా పోయిందని అనను గానీ రాయాల్సిన రోజులే తక్కువైపోయాయి. మధ్యలో ఎవరో చార్ట్ చింపేశారు, ఎవరు చింపారో తేలలేదు, తేల్చాలని పిల్లలు పట్టుబట్టలేదు కూడా, ఇంకోటి రాసి అంటించేశారు.

మంత్రి గారూ, ఇందులో పెద్ద విశేషమేం లేదు అనిపించొచ్చు మీకు. కానీ క్రమశిక్షణ లేదు అని మనం రిజిస్టర్లో రాసుకునే వాటిల్లో ఎన్ని నిజానికి ఇలాంటి కుళాయి, బకెట్ సమస్యలో ఒక్కసారి చూడమనండి. పిల్లాడు లేట్‌గా వచ్చాడు అనేది మనకి కనిపిస్తుంది, ఎందుకు లేట్ అయ్యాడు అనేది వాళ్ళ మధ్యే ఉండిపోతుంది. రాత్రి లైట్లు ఆర్పాక గోల కూడా అంతే. కొత్తగా చేరిన పిల్లలకి ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టక గుసగుసలు పెడతారు, పక్కవాళ్ళు విసుక్కుంటారు, అక్కడ్నుంచి అది గొడవ అవుతుంది. మీటింగ్‌లో ఈ సంగతి వచ్చినప్పుడు ఒక పెద్దమ్మాయి, కొత్తపిల్లల మంచాలు అన్నీ ఒకే చోట కాకుండా ఒక్కొక్కరినీ ఒక్కో పాత అమ్మాయి పక్కన వేద్దాం అంది. మాకు తట్టలేదు ఆ ఆలోచన, ఎందుకంటే ఆ గదిలో పడుకునేది మేం కాదు కదా.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పిల్లలకి బాధ్యత అనగానే చాలా స్కూళ్ళు చేసేది ఏంటంటే నలుగురు పెద్ద పిల్లల్ని కెప్టెన్లుగా పెట్టి మిగతావాళ్ళని వాళ్ళకి అప్పగించడం. ఇది కొత్తదేం కాదు. ఇంగ్లాండ్‌లో రగ్బీ స్కూల్‌కి 1828లో హెడ్‌మాస్టర్‌గా వచ్చిన థామస్ ఆర్నాల్డ్ పై క్లాసు అబ్బాయిల మీదే స్కూల్ క్రమశిక్షణంతా నిలబెట్టాడు, చిన్నవాళ్ళని బెత్తంతో కొట్టే హక్కు కూడా వాళ్ళకి ఉండేది, పెద్దవాళ్ళకి చిన్నవాళ్ళు చాకిరీ చేసే అలవాటు అప్పటికే అక్కడి బోర్డింగ్ స్కూళ్ళలో ఉంది. ఆ పద్ధతి చాలా దేశాలకి పాకింది. బయటనుంచి చూస్తే హాస్టల్ నిశ్శబ్దంగా, చక్కగా కనిపిస్తుంది, లోపల చిన్నపిల్లలు బిక్కుబిక్కుమంటూ ఉంటారు, పై క్లాసుకి వచ్చాక తమ వంతు తీర్చుకుంటారు. నేను అడుగుతున్నది ఇది కాదండి, దయచేసి ఈ రెంటినీ కలపొద్దు. రూల్ పెట్టేటప్పుడు అందరూ ఉండాలి, చిన్నవాళ్ళ మాట ముందు వినాలి, మీటింగ్ నడిపేవాళ్ళు మారుతూ ఉండాలి, ఒక పిల్లాడు ఇంకో పిల్లాడికి శిక్ష వేసే అధికారం ఎవ్వరికీ ఉండకూడదు. మా దగ్గర ఒకసారి ఉత్సాహంగా ఒక బ్యాచ్ అబ్బాయిలు రూల్ తప్పినవాళ్ళు మా బట్టలుతకాలి అని ప్రతిపాదన పెట్టారు. దాన్ని ఓటింగ్ దాకా కూడా రానివ్వలేదు, ఎందుకు కుదరదో అక్కడే చెప్పాం, వాళ్ళు కాసేపు అలిగారు, తర్వాత సర్దుకున్నారు.

ఇలాంటిది ఇంతకుముందు బాగా చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. పోలండ్‌లో యానుష్ కోర్చాక్ అని ఒక పిల్లల డాక్టర్, వార్సాలో 1912లో మొదలైన అనాథ పిల్లల హాస్టల్ని నడిపాడు. అక్కడ పిల్లల కోర్టు ఉండేది. జడ్జీలు ఐదుగురూ పిల్లలే, ఆ వారం ఎవరి మీద కేసు లేదో వాళ్ళలోంచి చీటీ వేసి తీసేవాళ్ళు. ఆ కోర్టు రూల్స్‌లో మొదటి తొంభైతొమ్మిదీ క్షమించడానికే, తెలీక చేశాడు వదిలేద్దాం, పశ్చాత్తాపపడ్డాడు వదిలేద్దాం, ఇలా. మనమేమో పిల్లల చేతికిస్తే కఠినంగా శిక్షిస్తారని భయపడతాం, ఆయన క్షమించే దారులే ముందు రాసి పెట్టాడు. ఇంకో మాట, కోర్టు పెద్దవాళ్ళకి కూడా వర్తించేది, ఆరు నెలల్లో ఐదుసార్లు ఆయన తన కేసు తనే పిల్లల కోర్టు ముందు పెట్టుకున్నాడు, అందులో ఒకటి ఒక పిల్లాడిని కొట్టినందుకు. హాస్టల్ నడిపే పెద్దమనిషి పిల్లల ముందు నిలబడి జవాబు చెప్తే, ఆ హాస్టల్లో రూల్ అంటే ఎంత గౌరవం ఉంటుందో ఆలోచించండి. 1942లో నాజీలు ఆ పిల్లల్ని ట్రెబ్లింకా అనే మరణ శిబిరానికి తీసుకెళ్ళినప్పుడు ఆయన వాళ్ళని వదలకుండా వాళ్ళతోనే వెళ్ళి చనిపోయాడు.

దొంగతనాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హాస్టల్స్‌లో ఎక్కువ పగలు పుట్టేది అక్కడే. పెన్ను పోతుంది, సబ్బు పోతుంది, అనుమానం ఎప్పుడూ ఎవరికి తక్కువ ఉందో ఆ పిల్లాడి మీదకే వెళ్తుంది, పెట్టెలన్నీ తెరిపించి చెక్ చేస్తారు, ఏమీ దొరకదు, ఆ పిల్లాడు మాత్రం సంవత్సరమంతా దొంగ అనే పేరు మోస్తాడు. అమెరికాలో లారెన్స్ కోల్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సాయంతో 1974లో క్లస్టర్ స్కూల్ అని ఒకటి మొదలైంది, అది హాస్టల్ కాదు గానీ అక్కడ ప్రతి రూల్ పిల్లలూ టీచర్లూ సమానంగా ఓటేసి పెట్టుకునేవాళ్ళు. ఒకసారి ఒకమ్మాయి పర్సులోంచి 9 డాలర్లు పోయాయి. మీటింగ్‌లో చర్చించి, తీసినవాళ్ళు బయటపడకపోతే అందరం తలా 15 సెంట్లు వేసి ఆ అమ్మాయికి ఇచ్చేద్దాం అనుకున్నారు. పోయింది ఆ అమ్మాయి డబ్బే కాదు, ఇక్కడ వస్తువు వదిలేసి వెళ్తే ఉంటుంది అనే మన నమ్మకం పోయింది, అది అందరికీ నష్టమే అని వాళ్ళకే అనిపించింది. ఇదే పని వార్డెన్ ఆర్డర్ వేసి అందరి దగ్గరా వసూలు చేస్తే అది ఒకడి తప్పుకి అందరికీ శిక్ష, పిల్లలు రగిలిపోతారు. అంతా కలిసి అనుకుని ఇచ్చారు కాబట్టే అది వేరే అయ్యింది.

స్టాఫ్‌లో భయాలు ఉంటాయి, మా దగ్గరా ఉన్నాయి. పిల్లలకి చనువిస్తే నెత్తికెక్కుతారు, మీటింగ్‌లో మా మీదే కంప్లైంట్లు చెప్తారు అని. చెప్తారండి, నిజమే. మొదటి కొన్ని వారాలు మీటింగ్ అంటే కంప్లైంట్లే, అది దాటే ఓపిక ఉండాలి. తనిఖీకి వచ్చే అధికారులు కూడా ఈ మీటింగ్‌ని వేళాకోళంగా చూడకూడదు, ఎందుకంటే తనిఖీలో దీన్ని టైమ్ వేస్ట్ అని రాస్తే ఏ హెడ్‌మాస్టరూ మళ్ళీ పెట్టడు. ఇంగ్లాండ్‌లోనే సమ్మర్‌హిల్ అని ఇంకో బోర్డింగ్ స్కూల్ ఉంది, ఏ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టింది, అక్కడ మీటింగ్‌లో చిన్నపిల్లాడికీ ఒక ఓటే, హెడ్‌మాస్టర్‌కీ ఒక ఓటే. తనిఖీ అధికారులతో గొడవొచ్చి 2000లో అది ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది, ప్రభుత్వం రాజీకి వస్తే ఆ పిల్లలు కోర్టు గదిలోనే మీటింగ్ పెట్టుకుని, చర్చించి, ఓటేసి ఒప్పుకున్నారు. మనం అంత దూరం వెళ్ళాలని నేను అనట్లేదు, క్లాసులకి రావాలా వద్దా అనేది కూడా పిల్లల ఇష్టానికే వదిలేసే స్కూల్ అది, నాకు ఆ మాట నచ్చదు. కానీ తమ రూల్స్ తామే పెట్టుకోవడం అలవాటైన పిల్లలు కోర్టు గదిలో కూడా పద్ధతిగా కూర్చుని తేల్చుకోగలిగారు, అది మాత్రం నిజం.

ఇప్పుడు మీ శాఖ చెయ్యాల్సింది. వారానికి ఒక పీరియడ్ హాస్టల్ మీటింగ్‌కి ఇవ్వండి, స్టడీ అవర్ తగ్గించి అయినా సరే, సిలబస్ మిగిలిపోయిందని ఆ పీరియడ్‌ని లెక్కలకో సైన్స్‌కో లాక్కోకూడదని ఆర్డర్‌లోనే రాయండి, రాయకపోతే పరీక్షల ముందు మొదట పోయేది అదే. మీటింగ్ పుస్తకంలో పిల్లలు రాసిన ప్రతి విషయానికీ వారంలోపు హెడ్‌మాస్టర్ జవాబు రాయాలి, కుదరదు అనైనా సరే, ఎందుకు కుదరదో రాయాలి. జవాబు రాని మీటింగ్‌కి పిల్లలు మూడోసారి రారు. హాస్టల్ డ్యూటీ చేసేవాళ్ళకి గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఎలాగో ట్రైనింగ్ ఇవ్వండి, ఇది అందరికీ పుట్టుకతో వచ్చే పని కాదు, మధ్యలో మనమే ఉపన్యాసం మొదలుపెట్టకుండా నోరు అదుపులో పెట్టుకోవడమే సగం ట్రైనింగ్.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లల మీటింగ్‌కి రాకూడని విషయాలు ఏంటో స్పష్టంగా రాయండి. కొట్టడం, ర్యాగింగ్, ఒంటి మీద చెయ్యి వెయ్యడం, ఎవరైనా పిల్లాడు చచ్చిపోతాననడం, ఇవి పిల్లలు ఓటేసి తేల్చేవి కావు, ఇవి వెంటనే బాధ్యత ఉన్న పెద్దవాళ్ళ దగ్గరకి వెళ్ళాలి, స్కూల్ బయట ఫిర్యాదు చేసే దారి కూడా ప్రతి పిల్లాడికీ తెలిసుండాలి. పిల్లలే చూసుకుంటారు అని పెద్దవాళ్ళు చేతులు దులుపుకోవడానికి ఈ మీటింగ్ సాకు కాకూడదు. ఇంకా చెప్పాలంటే మీటింగ్ అలవాటున్న హాస్టల్లోనే ఇలాంటివి ముందు బయటికొస్తాయి, బకెట్ గురించి ధైర్యంగా మాట్లాడిన పిల్లాడు రేపు పెద్ద కష్టం వస్తే నోరు తెరుస్తాడు.

1989లో ఐక్యరాజ్య సమితి ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లలకి సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయం వినాలి, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువివ్వాలి అంటుంది, 28వ అధికరణం స్కూల్ క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం రాకుండా ఉండాలి అంటుంది. అంటే నేను కొత్తగా కోరేదేం లేదు, ఇప్పటికే ఒప్పుకున్న మాటకి వారంలో ఒక పీరియడ్ ఇమ్మంటున్నా.

ముందు కొన్ని స్కూళ్ళల్లో ఒక విద్యా సంవత్సరం పాటు చేసి చూడండి, అన్నిచోట్లా ఒకేసారి అక్కర్లేదు. ఎలా జరిగిందో తెలుసుకోవడానికి మనిషిని పంపేటప్పుడు మాత్రం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని రిపోర్ట్ రాసుకుని వెళ్ళిపోకుండా, మీటింగ్ జరిగే రోజే రమ్మనండి, హాల్లో పిల్లలతో పాటు కింద కూర్చుని చివరిదాకా వినమనండి, మీరే వస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
ఒక హాస్టల్ టీచర్