అప్పికట్ల దగ్గర ఆగిన బండి

తెనాలి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ మోకాలి నొప్పి ఏమైనా తగ్గిందా? పోయిన నెల "బండి సంగతి తర్వాత చెప్తా" అని ఫోను పెట్టేశాను కదా. అది ఫోనులో చెప్పే సంగతి కాదు. అందుకే ఇన్ని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మీ చెల్లెలు పడుకుంది. బట్టల సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు, కాగితం మీద వేలిముద్రలు పడితే ఏమీ అనుకోకు.

మామయ్య యెజ్డీ మోటార్‌సైకిల్ నడుస్తోందిరా!

2004 నుంచి అది చుండూరులో గొడ్ల కొట్టంలోనే ఉంది. గేదెలు అమ్మేశాక కొట్టంలోకి ఎవరూ పోలేదు. బండి మీద ఎరువుల సంచులు, వాటి మీద కొబ్బరి డొక్కలు. అత్తయ్య పోయాక మామయ్యని మా ఇంటికి తీసుకొచ్చేశాం, 84 ఏళ్ళు వచ్చాయి, ఒక్కడే ఎలా ఉంటాడు? సామాను సర్దుతుంటే "బండి కూడా ఎక్కించరా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి మా వరండా చివర పెట్టాను. ఆ రోజు నుంచి ఆయన కుర్చీ కూడా అటు వైపుకే తిరిగింది.

చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది ఏంటో చెప్పనా? ఆ కిక్ రాడ్. హైస్కూలు గ్రౌండులో మనిద్దరం దాన్ని పట్టుకుని ఎన్ని సాయంత్రాలు తిప్పలు పడ్డాం! ఎడమ వైపున లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్ళీ కిందికి దించితే అదే గేర్ రాడ్డు. వేరే బండి నేర్చుకున్నవాడికి ఇచ్చి చూడు, కిక్కు ఎక్కడుందని చుట్టూ తిరుగుతాడు. మా అమ్మాయీ అలాగే తిరిగింది. యెజ్డీకి పాత పేరు జావా కదా, జావా అంటే ఏంటి నాన్నా అని అడిగితే చెప్పాను, జానెచెక్ అనే చెక్ దేశస్థుడి పేరులోంచి సగం, వాండరర్ అనే జర్మన్ బండి పేరులోంచి సగం. 1961 నుంచి మైసూరులో ఇక్కడే తయారయ్యేవి, 1973లో పేరు యెజ్డీగా మారింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మామయ్యది 1979 బండి. దాని కంటే మా అమ్మాయి పద్ధెనిమిదేళ్ళు చిన్నది.

ఇంజన్ పట్టేసి ఉంది. కిక్ రాడ్డు మీద మనిషంతా నిలబడినా కదల్లేదు. షాపులో పడేయమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. 2003లో ఒక మెకానిక్ దీన్ని విప్పాడు. క్లచ్ వైపు కవర్ తీసి చూస్తే నట్టు చుట్టూ ఉలి పెట్టి సుత్తితో కొట్టిన గాట్లు. ఆ నట్టు విప్పడానికి దానికి తగ్గ పానా వాడాలి, క్లచ్‌ని లాగడానికి పుల్లర్ వాడాలి. అవి లేకపోతే చెయ్యి పెట్టకూడదు. ఆ గాట్లు చూసిన రోజు అన్నం సయించలేదంటే నమ్ము. నిదానంగానైనా సరే, నేనే చేద్దామనుకున్నాను.

ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి కిరోసిన్, ఇంజనాయిల్ కలిపి అర గ్లాసు పోశాను. రోజూ పొద్దున స్కూలుకి వెళ్ళే ముందు టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపేవాణ్ణి. బలంగా తొయ్యకూడదు, రింగులు విరుగుతాయి. నాలుగు రోజులు రాయిలా ఉంది. ఐదో రోజు చక్రం ఒక అంగుళం జరిగింది. "ఆఁ" అన్నాడు మామయ్య కుర్చీలోంచి. నేనింకా ఏమీ చెప్పలేదు, ఆయనకి చప్పుడులోనే తెలిసింది.

ఆ ఆదివారం హెడ్డు విప్పి, సిలిండరు పైకి లాగి, పిస్టన్ బయటపెట్టాను. కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగి చూశాను, ఆడటం లేదు. అంటే కింద తిరిగే ఇరుసు, క్రాంకు, బాగానే ఉంది, ఇంజన్ కేసు మొత్తం రెండు ముక్కలు చేయక్కర్లేదు. పిస్టన్ తల మీద మసి కాగితం మందాన గట్టిపడి ఉంది. ఇనుము పెట్టి గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయని వెదురు బద్ద చెక్కుకుని, కిరోసిన్ రాస్తూ గోకుతూ కూర్చున్నాను. బాణం గుర్తు బయటపడింది, అది సైలెన్సర్ల వైపు ఉండాలి. ఇంకాస్త గోకితే పక్కన అంకెలు. 0.50.

ఆ అంకెలకి అర్థమేంటో తెలుసా? కంపెనీ నుంచి వచ్చిన పిస్టన్ 65 మిల్లీమీటర్లు. 0.50 అని ఉందంటే సిలిండరు ఒకసారి బోరు కొట్టించి, అంటే లోపల కోసి వెడల్పు చేయించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేశారన్నమాట. మామయ్య బండిని అంత జాగ్రత్తగా చూసుకునే మనిషి, పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా ఊళ్ళు తిరిగినా నలభై దాటనిచ్చేవాడు కాదు. ఎప్పుడు కొట్టించాడు, ఎందుకు కొట్టించాడు అని ఆలోచిస్తూ ఉంటే ఒళ్ళు జలదరించింది.

మామయ్య బల్ల మీద మందుల చీటీలు ఎగిరిపోకుండా బరువు పెట్టేవాడు, గుర్తుందా? పాత పిస్టన్! మనిద్దరం ఎన్నిసార్లు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చున్నాం! లోపలికెళ్ళి ఆయన పెట్టె వెతికితే దొరికింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. తల మీద అంకె లేదు, అంటే కంపెనీ పిస్టనే. సైలెన్సర్ల వైపు నిలువునా గాట్లు. అల్యూమినియం కరిగి పూసినట్టు రింగు మీదికి పాకింది.

1988 మే నెల, శీనూ. సూర్యలంక నుంచి వస్తున్నాం. బాపట్ల దాటేముందు కిరాణా కొట్లో సీసాల్లో పెట్టిన పెట్రోల్ రెండు లీటర్లు పోయించాం. బంకులో అయితే నూనె కలిపి పోసేవారు, సీసాలో ఉన్నది ఉత్త పెట్రోలే అని మనకి తట్టలేదు. ఈ ఇంజనుకి పెట్రోల్‌లో కలిపిన నూనె తప్ప వేరే నూనె అందదు. అప్పికట్ల దగ్గర వెనక చక్రం కీచుమని పట్టేసింది, నువ్వు క్లచ్ పట్టకపోతే ఇద్దరం కాలవలో పడేవాళ్ళం. తాటిచెట్టు కింద గంటసేపు కూర్చున్నాం. లారీ క్లీనర్ ఒకడు గ్లాసుడు నూనె ఇచ్చి, "నూనె లేకుండా ఎలా తోలార్రా" అని తిట్టాడు. ఇంటికొచ్చాక మామయ్యకి ఏమీ చెప్పకూడదని నీ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను.

మరి ఆయనకి తెలుసురా. అన్నీ తెలుసు.

ఆ పిస్టన్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో ఆ గాట్ల మీద రాసి, "మీరిద్దరూ సముద్రానికెళ్ళి వచ్చిన మర్నాడు" అన్నాడు. "అడగలేదేం మామయ్యా?" అంటే, కాసేపు ఊరుకుని, "అడిగితే మళ్ళీ తాళం అడగరుగా మీరు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏడేళ్ళు దాటిందిరా. ఆ వేసవి తర్వాత బండి పక్క పెట్టెలో దగ్గు మందు సీసాలో ఎప్పుడూ నూనె ఉండేది, అదెందుకో అప్పుడు మనకి అర్థం కాలేదు. సీసా ఇప్పటికీ ఉంది. సీసా మీద బ్లేడుతో గీసిన గీతలున్నాయి, లీటరుకి ఇంత అని.

ఇక ఆ తర్వాత పని గబగబా సాగింది. సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ మూడుసార్లు తిరిగాను. యెజ్డీ అనగానే "క్లాసిక్కా, రోడ్‌కింగా?" అని ఏ మోడలో అడుగుతారు, అది చెప్పకుండా కొంటే సగం సామాన్లు పట్టవు. 1.00 పిస్టన్, అంటే ఒక మిల్లీమీటరు పెద్దది, దొరికింది. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపు ఆయన చేతిలో పెట్టి, కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టమన్నాను. క్రాంకు రెండు వైపులా ఆయిల్ సీళ్ళు మార్చాను. పాతవి ఎండి అప్పడాల్లా పగిలిపోయాయి. ఎడమ సీలు పోతే గేరాయిల్ లోపలికి పీల్చుకుని కాలిపోతుంది, కుడి సీలు పోతే గాలి లాగి ఇంజన్ దానంతటదే రేజ్ అవుతుంది. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు శుభ్రం చేసి ఫీలర్ గేజితో సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టాను, కండెన్సర్ కొత్తది. ట్యాంకులో గుప్పెడు కంకర, కిరోసిన్ పోసి, మా అమ్మాయీ నేనూ చెరో వైపు పట్టుకుని ఊపితే ఎర్ర నీళ్ళలా తుప్పు దిగింది. పెట్రోల్ పైపు కూడా మార్చేశాను, ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఆగదు.

ఒక్క రోజు మాత్రం ప్రాణం పోయినంత పనయింది. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న సర్‌క్లిప్ పెట్టేటప్పుడు కింద క్రాంకు మూతి గుడ్డతో మూయాలి. తెలిసి కూడా మూయలేదు. క్లిప్పు జారి టింగుమని లోపల పడింది. అది లోపలుంటే ఇంజన్ తిప్పడానికి లేదు. టార్చి వేస్తే కనపడదు, చెయ్యి పట్టదు. రెండు గంటలు అలాగే కూర్చుండిపోయాను. చివరికి మా అమ్మాయి తన చిన్నప్పటి పెన్సిల్ బాక్సు తెచ్చింది, మూతకి అయస్కాంతం ఉంటుందే, అది. దాన్ని ఊడదీసి దారం కట్టి లోపలికి దించాం. మూడోసారికి సన్నగా టిక్కుమంది. దారం పైకి లాగుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. క్లిప్పు అంటుకుని వచ్చింది!

రంగు వేయించలేదు. అందరూ వేయించమనే అంటున్నారు. ట్యాంకు మీద మామయ్య మోకాళ్ళు ఆనిన చోట నలుపు పోయి రేకు కనపడుతోంది, దాని మీద మైనం రుద్ది వదిలేశాను. రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఆ అరుగుదల మళ్ళీ తేలేం. స్పోకులు మాత్రం సైకిల్ షాపు తాత బిగించి వంకర తీశాడు. ఆర్సీ రెన్యువల్ ఒకటి మిగిలింది, ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది ముద్ర కూడా తీసి పెట్టాను.

పోయిన గురువారం సాయంత్రం లీటరుకి 40 మిల్లీలీటర్ల చొప్పున నూనె కలిపి, సీసా గీతల ప్రకారమే కలిపి, ట్యాంకులో పోశాను. మొదటి కిక్కుకి ఏమీ లేదు. ఆరో కిక్కుకి ఒకసారి దగ్గి ఊరుకుంది. తొమ్మిదో కిక్కుకి అందుకుంది. రెండు సైలెన్సర్లలోంచి తెల్లగా పొగ, ఆ డుగ్ డుగ్ డుగ్ మని చప్పుడు, ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. మామయ్య కర్ర లేకుండా లేచి నిలబడ్డాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత "ఐడిలింగు కొంచెం ఎక్కువుంది, తగ్గించు" అన్నాడు.

కొత్త బోరు కదా, 500 కిలోమీటర్ల దాకా నలభై దాటకూడదు. రెన్యువల్ అయ్యేదాకా చీకటితోనే మా వీధి చివరిదాకా తిప్పి తెస్తున్నాను, ఆ తర్వాత రోజూ చుండూరు దాకా. సంక్రాంతికి 500 అవుతాయి. భిలాయిలో సెలవు ఇప్పుడే పెట్టెయ్. రిటైరయ్యాక వస్తానని అనకు, ఇంకా రెండేళ్ళుంది, మామయ్యకి 84. నిన్న కూడా "ఆ రెండోవాడు ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. సూర్యలంక నువ్వొచ్చాకే. వెళ్ళేటప్పుడు నువ్వు తోలు, వచ్చేటప్పుడు నేను తోలతాను. తాళం మాత్రం మనిద్దరం కలిసి వెళ్ళి ఆయన్నే అడుగుదాం.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్.

నీ
రాము