ప్రార్థన తర్వాతి అరగంటను పిల్లలకు వదిలిపెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారములు.

ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులను నడిపే ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో నేను యాజమాన్య కమిటీ సభ్యుణ్ణి. గదుల మరమ్మతుకూ ప్రహరీకీ అర్జీలు వేరే పెట్టుకున్నాం. ఈ లేఖలో అడుగుతున్నది ప్రార్థన ముగిశాక వచ్చే అరగంట గురించి మాత్రమే.

ప్రతిజ్ఞ కాగానే అయిదో తరగతి పిల్లల్లో ఒకరు ముందుకొచ్చి దినపత్రికలోని నాలుగు ముఖ్యాంశాలు చదువుతారు. (దేశమంతా చెప్పుకొనే ఆ ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తెలుగులోనే రాశారన్న సంగతి మన పిల్లలకు ఏటా ఒక్కసారైనా చెప్పాలి.) ఆ తర్వాత బడి వార్తలు: ఎవరి పుట్టినరోజు, ఎవరికి జ్వరం వచ్చింది, బడి తోటలో బెండ మొక్కలు పూత వేశాయా, నిన్నటి ఖోఖోలో ఎవరు గెలిచారు. ఇవన్నీ మూడో తరగతి వాళ్లు నల్లబల్ల మీద రాస్తే, పెద్ద తరగతుల వాళ్లు ఒత్తులూ దీర్ఘాలూ సరిచేస్తారు. ఒకటో తరగతి బిడ్డ తన పేరు కోసం ఆ బల్లనంతా వెతుకుతూ అక్షరాలు గుర్తుపట్టడం నేను చూశాను. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని, అది 2026–27 నాటికి సాధించాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ పెట్టుకున్న లక్ష్యానికి మా బడిలో ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.

సరిగ్గా ఆ సమయానికే ఉపాధ్యాయులు యాప్‌లో ముఖం చూపి తమ హాజరు వేసుకోవాలి, పిల్లల హాజరు ఎక్కించాలి, భోజనం చేసేవారి లెక్క పంపాలి. మా ఊళ్లో సిగ్నల్ నిలకడగా ఉండదు కనుక ఒకరు ఫోన్ పట్టుకుని గేటు దాకా వెళ్లి నిలబడితే, రెండోవారు అయిదు తరగతులనూ ఒకే వరండాలో కూర్చోబెట్టి అల్లరి కాకుండా చూసుకోవడంతోనే సరిపోతుంది. రోజూ సాగాల్సిన వార్తలు ఇప్పుడు వారానికి ఒకటి రెండు రోజులకు పరిమితమయ్యాయి.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు నిర్ణయించింది. అంటే రోజుకు నాలుగు గంటలు; అందులో అరగంట పోతే ఎనిమిదో వంతు పోయినట్టే.

లెక్కలు వద్దని నేను అనడం లేదు. గుడ్లకూ చిక్కీలకూ రాగిజావకూ లెక్క ఉండటం వల్ల కమిటీలో మేము ధైర్యంగా సంతకం పెట్టగలుగుతున్నాం. తరగతికొక ఉపాధ్యాయుడున్న ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో ఒకరు పక్కకు వెళ్లినా బడి ఆగదు. ఇద్దరే ఉన్నచోటా, ఒక్కరే ఉన్నచోటా అదే గడువు పెట్టడమే చిక్కు. మరుగుదొడ్ల ఫొటోలు తీసే పని నుంచి ఉపాధ్యాయులను తప్పించిన ప్రభుత్వానికి ఇది కష్టమైన నిర్ణయమని నేను అనుకోను.

ఇద్దరు లేదా అంతకంటే తక్కువ మంది ఉపాధ్యాయులున్న బడుల్లో పిల్లల హాజరు, భోజనం వివరాలను మధ్యాహ్న విరామం ముగిసేలోగా నమోదు చేసే వీలు కల్పించండి. వంటవారికి కావలసిన తలల లెక్క ఉదయం ఒక చీటీ మీద రాసిస్తే చాలు. సిగ్నల్ లేని వేళ ఫోన్‌లో దాచి తర్వాత పంపిన వివరాలను ఆలస్యంగా పరిగణించవద్దు. బడి నిధుల నుంచి ఒక తెలుగు దినపత్రిక కొనుక్కోవచ్చని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. ఇప్పుడు మా బడికి పత్రిక ఒక ఉపాధ్యాయుడి సొంత డబ్బుతో వస్తోంది.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాలకు ముగ్గులతో, తోరణాలతో బడి కళకళలాడింది. అయితే బడి ఎలా నడుస్తోందో తెలియాలంటే ఏ పండుగా లేని మంగళవారమో బుధవారమో ప్రార్థన వేళకు ఒక అధికారిని ముందుగా చెప్పకుండా పంపండి. అరగంట ఉండి, ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేస్తున్నారో రాసుకుని మీకు నివేదిస్తే చాలు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు