షియాన్ కోటగోడ మీద బడిపిల్లలు

సంపాదకులకు,

ఈ మధ్య చైనాలోని షియాన్ నగరానికి వెళ్లినప్పుడు, అక్కడి బడిపిల్లల బృందం ఒకటి రోజంతా ఊరు చూసిన తీరును దగ్గర నుంచి గమనించే అవకాశం కలిగింది. మింగ్ వంశీయుల కాలంలో కట్టిన, దాదాపు 14 కిలోమీటర్ల చుట్టుకొలత గల కోటగోడ మీదికి ఎక్కగానే, టీచరమ్మ ఉపన్యాసం మొదలుపెట్టకుండా, గోడ వెడల్పును అడుగులతో కొలిచి రాసుకొమ్మన్నారని భాష తెలిసిన మిత్రుడు చెప్పాడు. ఒక పిల్లవాడు లెక్క తప్పి, నాలుక కరుచుకుని, మళ్లీ మొదటి నుంచి నడిచాడు.

మధ్యాహ్నం వారు ‘పెద్ద అడవి బాతు’ గోపురం దగ్గర ఆగారు. భారతదేశం నుంచి 645లో తిరిగి వెళ్లిన చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ తనతో తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో వెలసిన కట్టడమది. ఆయన మన ధాన్యకటకంలోనూ (నేటి అమరావతి ప్రాంతం) కొంతకాలం ఉండి చదువుకున్నాడన్న సంగతి, అమరావతికి విహారయాత్రకు వచ్చే మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పాతికేళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాడిగా కాస్త సిగ్గుపడుతూనే అడుగుతున్నాను. స్తూపం ముందు ఫొటో దింపి బస్సెక్కించే బదులు, పిల్లల చేతికి కొలత టేపు, నోటుపుస్తకం ఇచ్చి ఒక గంటసేపు అక్కడ వదిలే ఏర్పాటు విద్యాశాఖ చేయగలదా?

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు