ఆ పాత ఎస్‌ఎంపీఎస్ సంగతి

నాన్నా,

నిన్న ఫోన్లో సగం మాట్లాడగానే ఎవరో పిలిచారని పెట్టేశావు. మిగతా సగం ఇలా రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు కూడా.

వీడియో రెండరింగ్ మొదలవగానే కంప్యూటర్ టపీమని ఆగిపోయి, మళ్లీ దానంతటదే ఆన్ అవుతోందన్నావు. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని వచ్చింది కాబట్టి, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, పోయినట్టేనా అని అడిగావు. ఆ నంబర్‌కి అంత అర్థం లేదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మెషిన్ ఆగిపోయిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. ప్రాసెసర్ వేడెక్కినా, ర్యామ్ చెడిపోయినా, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ప్లగ్ వదులుగా ఉన్నా అదే వస్తుంది. ముందు దుమ్ము దులుపు, ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లో పెట్టు, రెండరింగ్ అప్పుడు టెంపరేచర్లు చూడు. అవన్నీ బాగుండి, గ్రాఫిక్స్ కార్డు మీద లోడు పడినప్పుడే ఆగిపోతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానిద్దాం.

కానీ నువ్వు మాటల్లో మాటగా ఇంకోటి అన్నావు. పొద్దున్నే రెండు మూడుసార్లు బటన్ నొక్కితే గానీ ఆన్ కావడం లేదు, ఒకసారి ఆన్ అయితే రోజంతా బాగానే ఉంటోంది అని. నాకు ఆ మాట దగ్గరే టెన్షన్ మొదలైంది. ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా ముసలివయ్యేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు దాచి ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు. వాటి లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి మెల్లగా ఆరిపోతుంది. అలా ఆరిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు మరీ మొరాయిస్తుంది, కాస్త వేడెక్కాక దారికొస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. నీ ఎస్‌ఎంపీఎస్‌కి తొమ్మిదేళ్లు, కానీ వయసొకటే చూస్తే సరిపోదు. మెయిల్ చూసుకోవడానికి వాడిన తొమ్మిదేళ్లు వేరు, నువ్వు రాత్రంతా రెండరింగ్‌కి వదిలేసిన తొమ్మిదేళ్లు వేరు.

మల్టీమీటర్ పెట్టి చూస్తానన్నావు. చూడు, కానీ లోడు మీద ఉన్నప్పుడు చూడు. 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వోల్టేజీని అంతగా నమ్మకు. ఇంకో చిక్కేమిటంటే, మీటర్‌లో అంకె బాగున్నా ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. కెపాసిటర్లు నీరసపడితే పెరిగేది రిపిల్, అంటే వోల్టేజీలో వచ్చే సన్నని ఒడిదుడుకులు. 12 వోల్టుల లైనులో అది 120 మిల్లీవోల్టులు దాటకూడదు, అది చూడాలంటే వోల్టేజీని గీతలా గీసి చూపించే ఆసిలోస్కోప్ ఉండాలి. ఇక మదర్‌బోర్డుకి పెట్టే పెద్ద ప్లగ్ ఊడదీసి, దాని ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పేపర్ క్లిప్ పెట్టే పరీక్షతో ఫ్యాన్ తిరుగుతుందో లేదో తెలుస్తుంది, అంతే.

దాని వారంటీ ఐదేళ్లు. అంటే తయారుచేసినవాళ్లే నాలుగేళ్ల క్రితం చేతులు దులుపుకున్నారు. మామూలుగా బ్రౌజింగ్‌కి వాడే కంప్యూటరైతే పోయేదాకా వాడుకోమనేదాన్ని. నువ్వేమో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటానంటున్నావు. ఇప్పటి కార్డులు లిప్తపాటు తమ వాట్లకు మించి లాగుతాయి. అందుకే కంప్యూటర్ పవర్ సప్లైలు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ ప్రమాణం 2022లో వచ్చిన 3.0 రూపంలో, పవర్ సప్లై తన వాట్లకు రెట్టింపు లోడు క్షణకాలం పడినా తట్టుకోవాలని రాశారు. నీ పాతది ఆ కాలంది కాదు. పైగా ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునో కార్డునో వెంట తీసుకుపోయిందంటే ఆ ఖర్చు వేరే. కాబట్టి కొత్త కార్డు పెట్టకముందే మార్చెయ్. కార్డు కంపెనీ ఎన్ని వాట్లు ఉండాలందో చూసుకుని దానికి కాస్త పైన తీసుకో. 80 ప్లస్ గోల్డ్ ముద్ర చూసి మురిసిపోకు, అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ రక్షణల సంగతి వేరే చూసుకోవాలి. పాతదాన్ని మాత్రం విప్పకు. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో కాసేపు 300 వోల్టులకు పైగా ఉండిపోవచ్చు.

ఇంకొకటి, ఇది నేను నీకెప్పుడూ చెప్పలేదు. నీ చిన్నప్పటి ఫొటోలున్న హార్డ్ డిస్క్ పాతదై పోయిందన్నాను కదా, అబద్ధం. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెడుతూ, వెనకాల చక్కగా సర్దిన పాత సాటా కేబుల్ (డిస్క్‌కి కరెంటు ఇచ్చేది) తీయడానికి బద్ధకించాను. కొత్తదాని సాకెట్‌లో అది సరిగ్గానే పట్టింది. బటన్ నొక్కగానే డిస్క్ చచ్చిపోయింది. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగే ఇలాంటి మాడ్యులర్ కేబుల్ డిస్క్ వైపు అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారిపోవచ్చు. మీ నాన్న ప్రింట్లు తీయించి పెట్టబట్టి నేను బతికిపోయాను. నువ్వు పాత కేబుళ్లన్నీ పీకేసి, కొత్త డబ్బాలో వచ్చినవే పెట్టు. ఒక్కటి కూడా ఉంచకు.

మార్చేదాకా రెండరింగ్ పెట్టకు. బ్యాకప్ మాత్రం ఈ రాత్రికే తీసెయ్. నువ్వు కొనాలనుకుంటున్న కార్డు వివరాలు పంపితే ఎన్ని వాట్లు కావాలో నేను లెక్కేసి చెబుతాను.

అమ్మ