నాలుగేండ్ల తువ్వాలు

అనంతపురం,
ఆదివారం పొద్దున

రేయ్ మామా,

మొన్న మా ఇంట్లో నీళ్ళు పోసుకొని, మొగం తుడుచుకుంటా "ఈ టవల్ యాడ కొన్యావురా, ఇంత మెత్తగుంది" అని అడిగినావు గదా. నాలుగేండ్ల పాతది అంటే నమ్మలేదు. బస్టాండులో మళ్ళా ఆ మాటే ఎత్తినావు, అంతలో కడప బస్సు కదిలింది. మీ ఇంట్లో టర్కీ టవళ్ళు ఆరినాక నిలబెడితే నిలబడతాయని, తల తుడిస్తే పిల్లోడు ఏడుస్తాడని చెప్పినావు. నేను సగమే చెప్పినా. మిగిలింది ఇప్పుడు తీరిగ్గా రాస్తాండా.

నేను దీన్ని ఇంత పట్టించుకునేదానికి కారణం నాయన. నిరుడు ఆసుపత్రి నుంచి వచ్చినాక ఆయన చర్మం ఉల్లిపొర మాదిరి పల్చబడింది. ఒకరోజు నేనే నీళ్ళు పోసి వీపు తుడిస్తే, తుడిచినకాడల్లా ఎర్రగా గీతలు పడినాయి. ఆయన ఒక్క మాట అనలేదు, పళ్ళు బిగబట్టుకొని కూర్చున్నాడు. ఆ టవల్ తీసి నా చెంపకు రుద్దుకొని చూసినా. గోనెసంచి నయం. ఆ పూట నాకు అన్నం సహించలేదురా.

మొదట నేను చేసిందంతా తప్పే. గట్టిగుంది గాబట్టి సరిగ్గా ఉతకలేదేమో అని బట్టల పొడి రెండింతలు పోసినా. తర్వాత వాసనొచ్చే కండిషనర్ తెచ్చి పోసినా. చేతికి నున్నగా తగిలేది గానీ, ఒళ్ళు తుడిస్తే నీళ్ళు పీల్చేది కాదు, ఒంటిమీద తడి ఒంటిమీదే ఉండేది. దాని స్వభావమే అంత. నూలు పోగుల మీద జిడ్డు లాంటి పల్చని పొర వేస్తుంది. చొక్కాకో చీరకో అయితే ఫరవాలేదు, నీళ్ళు పీల్చాల్సిన గుడ్డకు అది చేటు.

అసలు సంగతి మా అవ్వ ఎప్పుడో చెప్పింది. నీకు గుర్తుండాలే, వాన పడితే చూరు కింద గంగాళాలు పెట్టించేది. ఆ నీళ్ళు పప్పుకు, తలంటుకు. "ఉప్పునీళ్ళకు పప్పే ఉడకదు, గుడ్డేం మెత్తబడుతుంది" అనేది. నిజంగానే రెండింటికీ కారణం ఒకటే, నీళ్ళల్లో కరిగుండే కాల్షియం, మెగ్నీషియం. పప్పుగింజను బిగదీసేవి అవే. సబ్బుతో కలిసి నురగ రానీకుండా తెల్లని తెట్టు కట్టేవీ అవే. ఆ తెట్టు బకెట్ అంచుకు పట్టినట్టే టవల్‌కూ పడుతుంది. టర్కీ టవల్ అంటే ఒళ్ళంతా సన్నసన్న దారపు చుట్లే గదా, దిగి కూర్చునేదానికి చోటు శానా. సబ్బుబిళ్ళతో తెట్టు ఎక్కువ, పొడితో తక్కువ. అయినా పొడి ఎక్కువైతే, నీళ్ళతో పోకుండా మిగిలింది ఆ చుట్లల్లోనే ఎండుతుంది. నేను గట్టితనం చూసి పొడి పెంచడం, పొడి పెరిగి టవల్ ఇంకా గట్టిపడడం, ఆరు నెలలు ఇదే కథ.

నీళ్ళల్లో ఈ కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో చెప్పే లెక్కనే కాఠిన్యం అంటారు. తాగే నీళ్ళకు మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనికాడ 600 వరకూ ఒప్పుకుంటారు. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఆ 600 కూడా దాటింది. పెన్న అహోబిలం రిజర్వాయరు నుంచి టౌనుకు వచ్చే కొళాయి నీళ్ళు వేరే తీరు. అవి తుంగభద్ర నీళ్ళు గదా, సబ్బు ముట్టుకుంటే చేతినిండా నురగ.

ముందు చేయాల్సింది పాత తెట్టు వదిలించడం. ఉతికి ఆరేసిన టవల్ ఒకటి తీసుకొని, పొడి ఏమీ వేయకుండా బకెట్ వేణ్ణీళ్ళల్లో అరగంట నానబెట్టి పిండు మామా. సబ్బు వేయని నీళ్ళల్లో నురగ తేలుతుంది, నీ కండ్లతో చూస్తావు. నాకు మూడుసార్లు నీళ్ళు మార్చినాక గానీ తేటపడలేదు. ఆమీట బకెట్ నీళ్ళకు ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో జాడించినా. గీజరు కడ్డీకి పట్టిన తెల్లపొరను పులుపు కరిగిస్తుంది చూడు, అట్లనే. వెనిగర్ ఉంటే అదైనా సరే. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు, బ్లీచింగ్ తగిలిన బకెట్లో పులుపు వేయొద్దు. క్లోరిన్ పుడుతుంది, అది విషం. మీ ఇంట్లో బాత్రూం కడిగేదానికీ బట్టలకూ ఒకే బకెట్ చూసినా, అందుకే ఇంత గట్టిగా చెప్తాండా.

ఇప్పుడు మా ఇంట్లో పొడి ముందు వేసినదాంట్లో సగమే. దానికి ఒక చెంచా బట్టల సోడా తోడు. చాకిరేవులో చౌడు వేసి ఉబ్బ పెట్టేవాళ్ళు గదా, ఆ చౌడు చేసిన పనే ఇది చేస్తుంది. సబ్బు జోలికి పోకముందే ఆ కాల్షియాన్ని పట్టేస్తుంది. టవళ్ళు వేరే బట్టలతో కలపము, మిషన్ సగానికి మించి నింపము. కడాకు జాడించేది మాత్రం కొళాయి నీళ్ళతోనే. దానికోసం రెండు బకెట్లు పట్టి పక్కన పెట్టుకుంటాము. వాన పడితే మిద్ది నీళ్ళు, అంతకన్నా మెత్తని నీళ్ళు లేవు.

ఇంత చేసినా, ఆరేసేకాడ చెడితే అంతా చెడినట్టే. నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసింది ఇదే. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయం వాళ్ళు, కావో అనే సబ్బుల కంపెనీ వాళ్ళు కలిసి దీని మీద పరిశోధన చేసి 2020లో బయటపెట్టినారు. గుడ్డ ఆరిందని మనం అనుకున్నాక కూడా నూలు పోగుల మీద కంటికి కనపడని తడి పొర ఒకటి మిగుల్తుందంట. ఆ తడే బంక మాదిరి పోగును పోగుతో అతికిస్తుందంట. అంటే మంచినీళ్ళతో ఉతికినా, కదలకుండా ఆరితే బిగుసుకునేది బిగుసుకుంటుంది. గాలికి ఊగుతా ఆరినది మెత్తగుండేది ఎందుకో నాకు అప్పుడు అర్థమయ్యింది. పోగులు ఒకదానికొకటి అతుక్కునేదానికి తీరిక దొరకదు.

అందుకే తీగ మీద వేసేముందు పదిసార్లు గట్టిగా విదిలిస్తా, చుట్లు లేచి నిలబడేదాకా. సగం ఆరినాక పోయి మళ్ళా ఒకసారి. తీసినాక మడిచేముందు ఇంకోసారి. ఇస్త్రీ అసలు వద్దు, చుట్లు అణిగిపోతాయి. రామగిరి గాలిమరలు తిప్పే ఆషాఢం గాలి మనకు ఊరికే వస్తాంది, అప్పుడు మిద్ది మీద వేస్తే గంటలో పత్తి మాదిరి అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కదలని మిట్టమధ్యాన్నం మాత్రం వేయొద్దు, అప్పడమే. పొద్దున్నే వేసి, ఆరీ ఆరగానే తీసెయ్యి. మీ బాల్కనీలో గాలి ఆడదు గదా, ఫ్యాను కింద తాడు కట్టుకో. కరెంటు ఖర్చే గానీ పిల్లోడి తల కోసం ఆమాత్రం చేయొచ్చు.

నాయనకు మాత్రం ఇప్పుడు టర్కీది వాడటం లేదు. పల్చని నూలు తుండుగుడ్డ వాడతాండాము, రుద్దకుండా ఒత్తి తడి తీస్తాము. దానికి చుట్లు లేవు, తెట్టు పట్టేదానికి చోటు తక్కువ, నీడలో వేసినా పూటలో ఆరుతుంది. వీపు మీద గీతలు లేవు ఇప్పుడు. నువ్వు తుడుచుకున్న ఆ నాలుగేండ్ల టవల్ అంతకుముందు ఆయనదే.

శనివారం వస్తానన్నావు గదా, మీ టవళ్ళు రెండు సంచిలో వేసుకొని రా. ఈడ నిమ్మ ఉప్పు, కొళాయి నీళ్ళు, మిద్ది మీద గాలి ఉన్నాయి, ఇద్దరం కలిసి జాడిద్దాం. పిల్లోణ్ణి కూడా తోలుకొని రమ్మని నాయన చెప్పమన్నాడు.

నీ
మామ