అనంతపురంలోని తమ్ముడికి గేమింగ్ కంప్యూటర్ గురించి

మ్యూనిక్

చిరంజీవి తమ్ముడికి అన్న ఆశీస్సులు.

నువ్వు ఫోటో తీసి పంపిన షాపు కొటేషన్‌ను శ్రద్ధగా చదివాను. నాన్న ఒప్పుకున్న 70,000 రూపాయల్లో మానిటర్‌తో సహా మంచి కంప్యూటరే చేయించుకోవచ్చు గాని, ఆ కొటేషన్ ప్రకారం మాత్రం కొనవద్దు. ఐ7 ప్రాసెసర్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు అని పైన పెద్దగా రాసి, అసలు మోడల్ నంబర్లను అడుగున చిన్నగా రాశారు. ఆ ఐ7-3770 అనేది 2012లో వచ్చిన ప్రాసెసర్. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో అది లేదు, 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ కూడా ఆటల్లో దానికంటే చాలా ముందుంటుంది. ఇక అందులోని గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, అది 2014 నాటిది. 4 జీబీ మెమరీ ఉన్నంత మాత్రాన ఇప్పటి ఆటలను నడిపే శక్తి దానికి రాదు.

లెక్క మానిటర్ దగ్గర మొదలుపెట్టు. నీకు 1080పీ (ఫుల్ హెచ్‌డీ), 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ చాలు. అంతకు మించిన తెర కొంటే దానికి తగిన కార్డు మన డబ్బులో రాదు. ఉన్న మొత్తంలో దాదాపు మూడో వంతు గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించు. ఆర్‌ఎక్స్ 6600 అయితే 8 జీబీ మెమరీ ఉంటుంది, 132 వాట్లకు మించి కరెంటు అడగదు. దానికి తోడుగా ఆరు కోర్ల రైజెన్ 5 5600, బీ550 మదర్‌బోర్డు తీసుకో. ఈ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 పాత సాకెట్టే అయినా, కొత్త ఏఎం5 బోర్డుకూ డీడీఆర్5 ర్యామ్‌కూ పెట్టే అదనపు డబ్బును కార్డు మీద పెట్టడమే నీకు మేలని నా అభిప్రాయం. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు అడిగి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టించు. ఆటలూ ఫైళ్లూ ఉండే ఎస్‌ఎస్‌డీ 500 జీబీది, వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకానిది చాలు, తర్వాత ఇంకొకటి చేర్చుకోవచ్చు.

అన్నిటికంటే నాకు ఆందోళన కలిగించింది ఆ కొటేషన్‌లోని ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె. కంపెనీ పేరు లేకుండా 500 వాట్లు అని మాత్రమే ఉంది. కరెంటు పోయి వచ్చే మన వీధిలో, అది చెడిపోయేటప్పుడు బోర్డునూ కార్డునూ కూడా పాడుచేయవచ్చు. పేరున్న కంపెనీది, 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్‌ది, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకో. బ్రాంజ్ అనే ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేదే గాని నాణ్యతకు హామీ కాదు కనుక, వారంటీ ఎన్నేళ్లో తప్పక చూడు. దీనితోపాటు 1000 వీఏ యూపీఎస్ ఉంటే, కరెంటు పోయినప్పుడు ఆట సేవ్ చేసుకుని ఆపేంత సమయం దొరుకుతుంది. ఈ రెండింటికీ డబ్బు చాలకపోతే నేను పంపుతాను, వీటిలో మాత్రం తగ్గించవద్దు.

క్యాబినెట్ ముందుభాగం గాజుది కాకుండా జాలీది చూడు. మేడ మీద నీ గది ఏప్రిల్, మే నెలల్లో ఎలా కాగుతుందో నీకు తెలుసు. గాలి లోపలికి రాకపోతే కార్డు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము ఫిల్టర్ తీసి కడుక్కునే వీలున్నదైతే ఇంకా మంచిది. రంగురంగుల లైట్లకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దు.

కార్డు ఇక్కడి నుంచి తెమ్మని అడిగావు. ఇక్కడ కొన్నదానికి అక్కడ వారంటీ దొరకడం కష్టం, చెడిపోతే మళ్లీ ఇక్కడికే పంపాలి. మన ఊళ్లో ఈ భాగాలు దొరకకపోతే నాన్నతో కలిసి కంప్యూటర్ షాపులుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి, రెండు మూడు షాపుల్లో ధర అడిగి, జీఎస్టీ బిల్లుతో కొను.

బిగించాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 అని ఉంటే 144కు మార్చు, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి. లేకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది.

కొత్త కొటేషన్ ప్రతి భాగానికీ పూర్తి మోడల్ నంబరుతో రాయించుకుని, అడ్వాన్సు ఇవ్వకముందే నాకు పంపు. అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అన్న